ఆయనదే తప్పు

సిడ్నీ పక్కన పారమట్టాలో వాసుదేవరావుకి పొద్దున్నే రెండు కావాలి: ఫిల్టర్ కాఫీ, దాని మీద ఒక ఫిర్యాదు. ఆ రోజు ఫిర్యాదు రాలేదు. శ్యామసుందరికి అప్పుడే అనుమానం వచ్చింది.

భర్త చేతిలో కవరు ఉంది. ఆరు నెలల క్రితం ప్రభుత్వాసుపత్రి కారిడార్‌లో తడి నేల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడాయన. పరిహారం అక్కర్లేదు, నేల తడిగా ఉందని ఒప్పుకుంటే చాలని రాశాడు. ఆసుపత్రి తరఫున జవాబిచ్చింది రాష్ట్ర అటార్నీ జనరల్ కింద పనిచేసే ప్రభుత్వ లాయర్ల ఆఫీసు. కూతురు వీణ ఉద్యోగం అక్కడే.

“తప్పు నాదేనట. ఇంట్లోవాళ్లే చెప్పారట,” అన్నాడు, షూస్ వేసుకుంటున్న వీణతో. “భేష్ లాయరమ్మా! నాన్నని బాగా ఓడించావు.”

“నాన్నా, మీరు మా ఫాదర్ అని ఫస్ట్ డేనే చెప్పేశాను. ఆ ఫైల్ నాకు లాక్ చేశారు. ఓపెన్ చేస్తే నా జాబ్ పోతుంది.”

“అందుకేనా, కేసేమైందే అంటే పప్పులో ఉప్పు తగ్గిందనేదానివి?”

“నిజంగా తగ్గింది నాన్నా.”

“ఎవరి లాయరువే నువ్వు?”

“స్టేట్ లాయర్ని.”

“అయితే ఆ స్టేట్ ఇంట్లోనే భోంచెయ్యి!”

వీణ షూ లేసు వదిలేసింది. “ఇలాంటి లెటర్లకి వెనకాల అటాచ్‌మెంట్ ఉంటుంది. నేను ముట్టుకోను. మీరే తిప్పి చదవండి.”

ఆయన కాగితం తిప్పాడు. నర్సు రాసిన నోటు. గట్టిగా మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించాడు: “భార్య చెప్పినది. ఆయనదే తప్పు. ఎప్పుడూ కిందికి చూసుకోరు.”

శ్యామసుందరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన స్ట్రెచర్ మీద మూలుగుతుంటే, ఏమైందని నర్సు అడిగితే, ఆ భయంలో ముందుగా ఆమె నోటికొచ్చిన ఇంగ్లీషు అది. పాలు పొంగినా, గొడుగు పోయినా ముప్ఫై తొమ్మిదేళ్లుగా అంటున్న మాటే. ఇన్నాళ్లకి ఒకరు దాన్ని శ్రద్ధగా విని, టైముతో సహా రాసుకున్నారు.

“నేనేనండీ,” అంది. “నేల తడిగా ఉందని కూడా చెప్పాను. అది రాసుకోలేదు.”

వీణ కళ్లు తుడుచుకుని బ్యాగు అందుకుంది. వాసుదేవరావు ఆమె వైపు చూడలేకపోయాడు.

“సాయంత్రం తొందరగా రామ్మా. కలిసి తిందాం.”

ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆయన మోచెయ్యి తగిలి కప్పులో కాఫీ నేలంతా ఒలికింది. శ్యామసుందరి గుడ్డ తెచ్చింది, అలవాటుగా నోరు తెరిచింది, మూసుకుంది.

“అను, శ్యామా,” అన్నాడాయన. “ఇక్కడ ఎవరూ రాసుకోరు.”

ఆమె నేల పొడిగా అయ్యాక కూడా తుడుస్తూనే ఉంది.