వెన్నులోని తీగ

క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో ఇంజనీరు కూర్చున్న కుర్చీలోనే ప్రాణం వదిలాడు. ఒంటి మీద గాయం లేదు. చెయ్యి మాత్రం నడుమును పట్టుకుని బిగుసుకుపోయింది.

"దీర్ఘకాలపు నొప్పిని అణచడానికి వెన్నులో తీగలా అమర్చి కరెంటు పంపే స్టిమ్యులేటర్ అతని డిజైనే," అన్నాడు చీఫ్. "అదే అతన్ని చంపింది. విదేశీ ముఠా దూరం నుంచి కరెంటు పెంచింది. ఇవాళ ఆ పరికరం ఉన్న వాళ్ళందరికీ అదే సిగ్నల్ పంపబోతోంది. వేలమంది పోతారు."

"నాతో సహా," అన్నాడు ఏజెంటు. పాత తూటా మిగిల్చిన నొప్పి అతనికి ఏళ్ళ తరబడి కంటి మీద కునుకు లేకుండా చేసింది. ఆ తీగ వచ్చాకే మళ్ళీ మనుషుల్లో పడ్డాడు.

"అందుకే ఆ క్లినిక్‌కి పేషెంటుగా నువ్వే వెళ్ళాలి. ముఠాలో చేరిన మన మనిషి ఒకావిడ ఉంది, మేడమ్ అంటారు. సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ దగ్గరికి ఆమే నిన్ను చేరుస్తుంది. ఆమెకీ అదే పరికరం ఉంది. ఇయర్‌ఫోన్‌లో నేను 'నొప్పి ఎంత' అంటే, పదికి 'నాలుగు' అను. అంతా క్షేమమని అర్థం."

మేడమ్ ఎర్రకోటులో వచ్చింది. ఆ నవ్వు ముందు ఎంతటి మొనగాడైనా నీరుగారిపోవాల్సిందే. నిర్మానుష్యమైన కారిడార్‌లో ఆగి, చేతిసంచి కుర్చీలో పెట్టి, ఎమ్మారై స్కానింగ్ గది తలుపు బార్లా తెరిచింది.

"ఇటు అడ్డదారి. రండి."

లోపలి పెద్ద అయస్కాంతం ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తూనే ఉంటుంది. వెన్నులో ఈ తీగ ఉన్నవాళ్ళు ఆ గడప తొక్కకూడదని డాక్టర్లు మొదటిరోజే నూరిపోస్తారు. మేడమ్ మాత్రం సొంతింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది. సంచిలో ఇనుముందని గుర్తుంది గాని, ఒంట్లో తీగ ఉన్నట్టు నటించాలన్న సంగతే మరిచిపోయింది.

ఏజెంటు గడప బయటే ఆగిపోయాడు. ఈవిడ తీగ తీయించేసుకుంది! జరగబోయేది ముందే తెలుసు కాబట్టి. అంటే ఈవిడ ముఠా పక్షమే.

జేబులోని రిమోట్‌తో తన పరికరం ఆపేశాడు. ఆపేస్తే అది ఏ సిగ్నలూ అందుకోదు. మరుక్షణం పాత నొప్పి నడుమును పట్టి మెలిపెట్టింది. పళ్ళు బిగించి నిలబడ్డాడు.

"ఎందుకాగారు?" మేడమ్ వెనక్కొచ్చింది. అతని మొహం చూడగానే నవ్వు మాయమైంది. సంచిలోంచి ఉక్కుపెట్టె లాగింది. ట్రాన్స్‌మిటర్ అదే. ఒక బటన్ నొక్కింది.

అతను పడలేదు.

"ఆపేశావా? సరే, మిగతావాళ్ళ పరికరాలు ఎవరు ఆపుతారు?" ఆమె వేలు రెండో బటన్ మీదికి జరిగింది.

ఏజెంటు ఉన్న బలమంతా కూడదీసుకుని పెట్టె లాక్కుని గదిలోకి విసిరాడు. మిగతా పని అయస్కాంతం చూసుకుంది. పెట్టె గాల్లోనే దిశ మార్చుకుని దాన్ని ఢీకొని ముక్కలైంది. పరుగెత్తబోయిన మేడమ్‌ను, చప్పుడు విని వచ్చిన సెక్యూరిటీ వాళ్ళు పట్టుకున్నారు.

అతను గోడకు ఆనుకుని నేలమీదికి జారిపోయాడు. చెవిలో చీఫ్ గొంతు వినిపించింది.

"నొప్పి ఎంత?"

"తొమ్మిది."

"అయ్యో, పని చెడిందా?"

"లేదు సార్, అందరూ క్షేమం. ఈ ఒక్కసారికి నిజం చెప్పనివ్వండి."