తస్నీమ్ చెప్పేసింది

“ఏంది సార్, ఆ పిల్లను అడిగి జవాబు మీరే చెప్తాండారు? పరీక్ష మీకా, ఆ పిల్లకా?”

ఆళ్లగడ్డ బడిలో మూడో తరగతంతా కిసుక్కున నవ్వింది. సమీర్ మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటన్నది రేష్మా, నంద్యాల నుంచి ఆ రోజే వచ్చిన స్పెషల్ టీచర్. మాట రాని తస్నీమ్‌కి బొమ్మల బోర్డు నేర్పడం ఆమె పని.

“ఆ పిల్లకి టైం పడతాది మేడం. పీరియడ్ అయిపోతాది.”

“పోనీండి. అడిగినాక కాసేపు గమ్మునుండండి. మీకు అదే కష్టం మాదిరుందే!”

నిజంగానే కష్టమైంది. అయినా నేర్చుకున్నాడు. ప్రశ్న అడిగి, కిటికీలోంచి వాన చూస్తూ నిలబడేవాడు. తస్నీమ్ వణికే పిడికిలిని మెల్లగా జరిపి, కావలసిన బొమ్మను తట్టేది. ఒకరోజు మాస్టారు నల్లబల్ల మీద లెక్క చేస్తుంటే టపీమని ‘తప్పు’ బొమ్మ మీద కొట్టింది. చూస్తే నిజంగానే తప్పు!

చిక్కల్లా ఒక్కటే. తస్నీమ్ తనంతట తాను బోర్డు వాడటం మొదలుపెడితే, రేష్మాని కొలిమిగుండ్ల బడికి పంపేస్తారు. ఆమె వారానికోసారి, మంగళవారం వస్తుంది. ఆ రోజు కోసం వారమంతా ఎదురుచూసే మాస్టారికి ఈ కబురు తెలిశాక బుద్ధి గడ్డి తింది.

“ఎట్లుంది సార్ మన పిల్ల?”

“యాడ మేడం! మీరు లేకుంటే బోర్డే ముట్టుకోదు. ఇంకో ఏడాదన్నా రావాల మీరు.”

రేష్మా మొహం వాడిపోయింది. “అట్లయితే నాకు నేర్పించడం చేతకాలేదు. వేరే టీచర్ని పంపమని చెప్తా.”

సమీర్ ఏదో చెప్పబోయాడు. రేష్మా అప్పటికే తస్నీమ్ పక్కన కూర్చుంది. “నేను లేనప్పుడు బోర్డు వాడతాండావా తల్లీ?”

పిడికిలి నింపాదిగా ‘అవును’ మీదికి పోయింది.

రేష్మా అతన్ని వరండాలోకి పిలిచింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. “ఆ పిల్ల అంత కష్టపడి మాట నేర్చుకుంటే దాస్తారా సార్?”

“తప్పే మేడం. పిల్ల మాట్లాడితే మీరు రారు. మీరంటే నాకు ఇష్టం. అందుకే అబద్ధమాడితి.”

“ముందు పోయి ఆ పిల్లకి సారీ చెప్పండి.”

చెప్పాడు, మోకాళ్ల మీద కూర్చుని. తస్నీమ్ బాగా ఆలోచించి ‘ఇంకోసారి’ బొమ్మ తట్టింది. మళ్లీ చెప్పాడు. మళ్లీ తట్టింది. క్లాసంతా గోల. రేష్మా పైట చెంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

సాయంత్రం బస్టాండులో చినుకుల మధ్య నిలబడి చెప్పింది. “తస్నీమ్‌కి ఇంక నేను అక్కర్లేదని పైవాళ్లకి చెప్తా. కొలిమిగుండ్లకి పోతా.”

“సరే మేడం,” అన్నాడు సమీర్.

“ఏంది సరే? ఆదివారం నంద్యాలకి రాండి. మా అమ్మ సర్దార్‌బీని ఒప్పించండి.”

“మరి మీరు?”

బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

“నేను ఎప్పుడో ఒప్పుకుంటి సార్! మీరు అడగనే లేదు.”