చివరి వరుస

మ్యూజియం గోదాములో పట్టపగలు కూడా దీపం ఉండాల్సిందే. రాళ్ళ మీది రాతలకు అచ్చు తీయడం అక్కడ ఆమె భర్త పని. తడి కాగితం రాతికి అంటించి, కుంచెతో కొట్టి, సిరా అద్దితే, చెక్కిన అక్షరాలు గుంటలు గనుక తెల్లగా మిగులుతాయి. అతను పోయి నెలయింది. ఆమె ఏడవలేదు. ఏడుపు ఎక్కడో దారి తప్పింది, పాపం.

పెద్దసారు పరీక్షగా ఒక్క రాయి అప్పగించారు. అరిగిపోయిన చివరి వరుసతో సహా అచ్చు తెస్తే ఆ ఉద్యోగం నీకే అన్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలి, కూతురు చదవాలి.

ఆ రాయి ఒక రాజు విగ్రహం. పీఠం మీద మోకాళ్ళ దాకా కాళ్ళు, పక్కన పెదవి విరిచిన ముఖం. నేను కట్టిన నగరం చూసి ఎంతటివాడైనా మోకరిల్లాలి అని పీఠం మీద రాయించాడని భర్త చెప్పేవాడు. ఎంత తవ్వినా ఆ నగరానిది ఇటుక ముక్క కూడా దొరకలేదట.

"కాళ్ళే మిగిలాయి గానీ పొగరు దిగలేదు చెల్లెమ్మా," అన్నాడు కాపలా ఆయన. తర్వాత గొంతు తగ్గించాడు. "పీట మీదే కూర్చుని చెయ్యి. మీ ఆయన ఇరవై ఏళ్ళలో దీని ముందు మోకాలు ఆనించలేదు."

ఆమె అలాగే కూర్చుంది. కానీ చివరి వరుస నేలను ఆనుకుని ఉంది, పీట మీంచి అందలేదు. పీట పక్కకు నెట్టి, నున్నటి గచ్చు మీద మోకాళ్ళు ఆనించింది.

టప్... టప్... కుంచె ఆపింది.

టప్...

ఈ చప్పుడు కుంచెది కాదు, మోకాళ్ళ కింది గచ్చులోంచి వచ్చింది. చల్లదనం మోకాళ్ళలోకి పాకింది. సిరా అద్ది, ఎలాగో లేచి కాగితం ఒలిచి చూసింది. చివరి వరుస ఉండాల్సిన చోటంతా నలుపే. ఒక్క అక్షరం లేదు.

సాయంత్రం ఇంట్లో కూతురు ఎదురుగా కూర్చుని ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ ఆగిపోయింది.

"అమ్మా... ఇవేం గీతలు? చెక్కినట్టున్నాయి."

నొప్పి లేదు. భయం కూడా, ఆ ఏడుపులాగే, రాలేదు. రేపు సారుకు ఏదో ఒకటి చూపించాలి, అంతే.

"నాన్న పనిసంచి తీసి, కాగితం తడిపి తే తల్లీ."

మోకాళ్ళ మీద పరిచి కుంచెతో కొట్టింది. రాయిలాగే మోగింది. సిరా అద్దితే ఒక వరుస తెల్లగా తేలింది... కుడి మోకాలి నుంచి ఎడమ మోకాలి దాకా. చివరి అక్షరం సగమే ఉంది.

మిగతా సగం కోసం వెతుకుతూ తలెత్తింది. కాగితం తెచ్చిచ్చిన కూతురు మళ్ళీ ఆమె ముందు మోకాళ్ళ మీదే కూర్చుని ఉంది.

"అమ్మా," అంది మెల్లగా, "నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి, చల్లగా ఉన్నాయి."