ముఖ్యమంత్రి గారి శుభాకాంక్షలు

పొద్దున్నే మార్లీన్ శాండ్‌విచ్‌ల అంచులు కోసి పళ్ళెంలో పేరుస్తోంది. పక్కింటి వాల్టర్ అంత్యక్రియలయ్యాక ఊరి హాల్లో పెట్టే భోజనానికి తన వంతు అది. వాల్టర్‌కి గుండెనొప్పి వచ్చిన రాత్రి ఊరి ఆసుపత్రిలో అత్యవసర విభాగం మూసి ఉంది. సాస్కటూన్ నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారిలో, అంబులెన్సులోనే ప్రాణం పోయింది. ఆ విభాగాన్ని మూసేయడానికి శాసనసభలో ఓటేసిన వాళ్ళలో మార్లీన్ భర్త ఓరెస్ట్ కూడా ఉన్నాడు.

“ఈ టై బాగుందా?” అన్నాడు ఓరెస్ట్ అద్దం ముందు నుంచి.

“వాల్టర్ ఎలాగూ చూడడు. ఏదో ఒకటి కట్టుకో.”

హాల్లో ఒక్కొక్కరే మైకు దగ్గరికి వెళ్ళి వాల్టర్‌ని తలచుకున్నారు. అతను చీట్లాటలో చేసే మోసాలు చెప్పి నవ్వించారు కూడా. ఓరెస్ట్ లేచాడు. కోటు సర్దుకుని, ప్రతి సభలోనూ అనే మాటే అలవాటుగా అనేశాడు.

“ప్రభుత్వం తరఫున, ముఖ్యమంత్రి గారి తరఫున మీ అందరికీ శుభాకాంక్షలు.”

కప్పుల చప్పుడు ఆగిపోయింది. వాల్టర్ భార్య స్టెల్లా తలెత్తి చూసింది.

“అందాయి ఓరెస్ట్. ఇక కూర్చో.”

ఇద్దరూ ఇంటికి వచ్చారు. మార్లీన్ ఖాళీ పళ్ళేన్ని సింకులో పడేసింది.

“శనివారం నిన్ను మళ్ళీ అభ్యర్థిగా ఎన్నుకునే సభకి నేను రాను. నీ పక్కన నిలబడను.”

“నోరు జారింది మార్లీన్. అంత మాత్రానికే...”

“జారలేదు. ఇప్పుడు నీ నోట్లో ఉన్నవన్నీ అలాంటి మాటలే. ఊరి కౌన్సిల్లో ఉన్నప్పుడు నీటి గొట్టం పగిలితే గడ్డకట్టిన గోతిలోకి నువ్వే దిగేవాడివి. వాల్టర్ పైనుంచి దీపం పట్టేవాడు. ఆ మనిషి అంత్యక్రియల భోజనం దగ్గర శుభాకాంక్షలు చెప్పావు. నిన్ను చూస్తే నాకు కంపరమెత్తింది.”

“పార్టీ నిర్ణయం అది. నేనొక్కడినీ ఏం చేయగలను?”

“లేవకుండా కూర్చునే ఉండాల్సింది. ఓటుకి లేచి నిలబడినప్పుడు ఈ వీధిలో ఒక్కరైనా గుర్తుకు రాలేదా?”

ఓరెస్ట్ కుర్చీలో కూలబడ్డాడు.

“వచ్చారు. వాల్టరే గుర్తుకొచ్చాడు. పోయిన చలికాలమే వాడికి ఒకసారి నొప్పి వచ్చిందని నాకు తెలుసు. తెలిసే లేచాను. ఓటేస్తే మంత్రిని చేస్తామన్నారు.”

చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. మార్లీన్ ఓదార్చలేదు. ఇంతకాలానికి అతని నోట ఒక నిజమైన మాట విన్నది. అది అసహ్యమైన మాటే.

“నాకు చెప్తే సరిపోదు. స్టెల్లాకి చెప్పు.”

“గుమ్మంలోకి రానిస్తుందా?”

“రానివ్వకపోతే బయటే నిలబడి చెప్పు.”

అతను తడబడుతూ లేచాడు. మార్లీన్ తలుపు దగ్గరికి వెళ్ళి, అతని వెంట వెళ్ళడానికి తనూ బూట్లు తొడుక్కుంది.