కొలత పెట్టిన ఉరి

"ఉద్యోగం పోతుందని కాదండీ నా భయం. తప్పు నాదేనని నేనే నమ్మేసేలా ఉన్నాను," అంది సంయుక్త, గవర్నరుపేటలో ప్రైవేట్ డిటెక్టివ్ ఉదయభాస్కర్ ఎదుట కూర్చుని.

కొల్లేటి గట్టున చేపల వేలం నడిపే యాప్‌లో ధరల భాగం ఆమె రాసింది. కొన్నాళ్లుగా సరిగ్గా వేలం వేళకే యాప్ బిగుసుకుపోతోంది. చేపలు పాడవుతున్నాయి. ఏ భాగం ఎంత సమయం తింటోందో కొలిచే ప్రొఫైలర్ ఆమె భాగాన్నే ఎర్రగా చూపించింది. టీమ్ లీడ్ సూర్యప్రకాష్ ఆ రిపోర్టును గోడంత తెర మీద వేసి, "మేడమ్ గారి కోడ్ నిద్రపోతోందండీ, ఎవరూ లేపకండి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోవడం లేదు.

"ఎవరో కావాలనే చేశారు. వాడి మొహం నేను చూడాలి."

ఉదయభాస్కర్ రిపోర్టు తిరగేశాడు. "ఇందులో మీ భాగం తప్ప ఇంకెవరిదీ లేదేంటమ్మా?"

సహాయకురాలు హరిచందన గురువుగారి వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదా అని సంయుక్త తనను తాను తిట్టుకుంది.

మర్నాడు బెంజి సర్కిల్ దగ్గరి ఆఫీసులో తెలిసిందేమంటే, సంయుక్త కాక ప్రొఫైలర్ సెట్టింగులు మార్చగలిగేది ఇద్దరే: సూర్యప్రకాష్, అదే టీమ్‌లోని ప్రణవ్. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటే కాబట్టి, మార్చింది ఎవరో రికార్డుల్లో తేలదు. ఉదయభాస్కర్ వాళ్లను విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాడు: వేలం ఎప్పుడు మొదలవుతుంది?

"పొద్దున్నే అయిదింటికండీ. యాప్‌లో అదే ఉందిగా," అన్నాడు ప్రణవ్. "నేనా చేపల కంపులోకి ఎప్పుడూ వెళ్లలేదు బాబోయ్!"

"ఐస్ లారీ రావాలి గదండీ. ఐస్ దిగందే వేలం పాట ఎవడు మొదలెడతాడు?" అని నవ్వాడు సూర్యప్రకాష్.

సాయంత్రం యజమాని శ్రీరామచంద్రమూర్తి గదిలో అందరూ కూర్చున్నారు.

"యాప్‌లో జబ్బేం లేదండీ. కొలతే దాని గొంతు నొక్కింది," అన్నాడు ఉదయభాస్కర్. "మామూలుగా ప్రొఫైలర్‌ని అప్పుడప్పుడూ తొంగిచూసేలా పెడతారు. ఇక్కడ మాత్రం ధరల భాగంలో జరిగే ప్రతి పనినీ ఆపి మరీ రాసుకోమన్నారు. బస్సెక్కే ప్రతివాణ్ణీ ఆపి ఊరూ పేరూ అడిగితే బస్సు కదులుతుందా? మిగతా భాగాల జోలికి పోవద్దన్నారు. అందుకే దోషిగా ఒక్క పేరే తేలింది."

"ఎవరు పెట్టారు?" అన్నాడు మూర్తి.

"ఐస్ దిగినట్టు యాప్‌లో నమోదు కాగానే ప్రొఫైలర్ మేలుకోవాలని సెట్టింగుల్లో ఉంది. వేలం అయిదింటికని నమ్మే ప్రణవ్ అయితే అయిదింటికనే రాసేవాడు. గట్టు మీద పెరిగినవాడే ఇలా రాస్తాడు. ఏం సూర్యప్రకాష్ గారూ?"

సూర్యప్రకాష్ బుకాయించలేదు. సంయుక్త వైపు తిరిగాడు. "ఆ గట్టు మీద గొంతెత్తి వేలం పాట పాడే పేరమ్మ మా అమ్మ. యాప్ మొదలెట్టిన రోజు మీరు మైకులో ఏమన్నారు? 'ఇక ఈ అరుపులు వినక్కర్లేదు' అన్నారు. జనం నవ్వితే అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఇక గొంతెత్తి మాట్లాడలేదు."

సంయుక్తకు ఆ ముసలామె గుర్తొచ్చింది. ఆ నవ్వు ఎలాంటిదో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు.

మూర్తి గొంతు తగ్గించాడు. "ఏం చేద్దామమ్మా? నువ్వు వద్దంటే కేసు లేకుండా పంపించేస్తాను."

సూర్యప్రకాష్ ఆమె కళ్లలోకి చూశాడు. అడుక్కుంటున్నాడు.

"కేసు పెట్టండి సార్," అంది సంయుక్త. తల తిప్పేసుకుంటాననుకుంది. అతని మొహం వాడిపోయే దాకా చూస్తూనే ఉంది.