చిప్పల బొగ్గు గిరాకీ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరు నేసేవాళ్ల వీధిలో ఆ పొద్దున శేషన్న, అతని భార్య హులిగెమ్మ మగ్గానికెక్కించే తెల్లనూలు పడుగు పోగులు చాచి గంజి పెడుతున్నారు. ఇంటి వెనక శేషన్న తమ్ముడు మద్దిలేటి గుంతలో టెంకాయ చిప్పలు కాలుస్తున్నాడు.

మద్దిలేటికి రెండేళ్లప్పుడు తల్లి పోతే హులిగెమ్మే చంకనేసుకుని పెంచింది. నేత శేషన్న నేర్పాడు. అయితే నిరుడు ఆదోని వ్యాపారి ఒకడు "చిప్పల బొగ్గు ఎంత తెచ్చినా కొంటా" అనేసరికి మద్దిలేటి మగ్గం దిగాడు. ఆ బొగ్గు బొంబాయిలో నూనెను తేటపరిచే పొడి అవుతుందట. మంత్రాలయం నుంచీ, ఉరుకుంద నుంచీ బండ్లతో చిప్పలు తెప్పిస్తున్నాడు.

ఉన్నట్టుండి గాలి తిరిగింది. మసి వచ్చి తడి పడుగు మీద వాలింది. హులిగెమ్మ కొంగుతో అద్దబోతే మరకలు ఇంకా పాకాయి.

శేషన్న పెరట్లోకి పరుగెత్తాడు. "మద్దిలేటీ, ఆర్పురా! పెండ్లోళ్ల పంచెల పడుగురా అది!"

"ఇప్పుడార్పితే సరుకంతా పాడైతాదన్నా. ఎల్లుండి ఆదోనికి చేర్చల్ల."

"నా పడుగు పాడైపాయ కదరా!"

"ఇంగోటి పెట్టుకో. నీ పంచెలకు ఎవురు కాసుకోనుండారు? నా బొగ్గుకు బొంబాయే కాసుకోనుంది."

"ఆ మాట అనొచ్చునా మద్దిలేటీ?" అంది హులిగెమ్మ. అతను ముఖం తిప్పుకున్నాడు. శేషన్న వీధిలోకి వచ్చి పడుగు చుట్టేశాడు.

మూడో రోజు మద్దిలేటి ఆదోనిలో బండి ఆపితే వ్యాపారి బస్తా వంక కూడా చూడలేదు.

"మలబారు చిప్పల బొగ్గు వ్యాగన్లలో దిగుతాంది. నీది వద్దు."

"ఎంత తెచ్చినా కొంటానంటివే!"

"అప్పుడు గిరాకీ ఉండె. గిరాకీ నా చేతిలో ఉంటాదేమప్పా?"

మద్దిలేటి బండి అక్కడే వదిలేసి నీళ్ల కోసం పక్కనే ఉన్న రైల్వేస్టేషనులోకి వెళ్లాడు. అక్కడ ట్రంకు పెట్టె పక్కన అన్నా వదినా కూర్చుని ఉన్నారు.

"యాడికన్నా?"

"సోలాపురం. మిల్లులో కూలికి. నిన్న నువ్వు బండి కట్టినంక మగ్గం అమ్మేసి బస్సుకొస్తిమి."

"ఒక్క పడుగు చెడితేనేనా?"

"పడుగుదేముందిరా, ఇంగోటి పెట్టుకుందును. నా పంచెలు ఎవురికీ వద్దని ఊరోళ్లంటే పడుందును. నువ్వంటివి."

మద్దిలేటి అన్న కాళ్లు పట్టుకున్నాడు. "తప్పైపాయన్నా. బొగ్గు వద్దన్నారు... అందుకని కాదు... పోవద్దన్నా."

శేషన్న కళ్లు ఒత్తుకున్నాడు. "కోపం లేదురా. అమ్మిన మగ్గం మల్ల రాదు. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చినా."

బొంబాయి మెయిలు వచ్చి ఆగింది. పెట్టె ఎక్కించాక హులిగెమ్మ కిటికీలోంచి అడిగింది.

"తిన్న్యావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మూట విప్పి జొన్నరొట్టె ఇవ్వబోయింది. అందుకోబోయి, తన చేతుల నిండా మసి చూసుకుని ఆగిపోయాడు. ఆమే ముక్క తుంచి అతని నోట్లో పెట్టింది.

బండి కదిలింది. మద్దిలేటి కొంత దూరం కిటికీ వెంట పరుగెత్తి నిలిచిపోయాడు. రైలు కనుమరుగయ్యాక కూడా ఆ ముక్క అతని నోట్లోనే ఉంది.