గేటు దాకా తోడు

పరుగు!

క్రీస్తుదాసు చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా పరుగెడుతున్నాడు. ఇంకా తెల్లారలేదు. కొల్లేటి మీద మంచు దట్టంగా పట్టేసింది.

వెనక జీపు లైట్లు...

"దాసూ, ఆగు. నీతో మాట్లాడాలి."

బుచ్చిబాబు గొంతు! దాసు చేతిలో చచ్చిపోయిన గంగాధరానికి తమ్ముడు.

మాట్లాడ్డానికి ఎవడైనా జీపేసుకుని తరుముతాడా?

దాసు ఆగడు. ఆగితే అంతా పోతుంది. తల్లి హన్నమ్మ భూస్థాపనకని వారం పెరోల్ ఇచ్చారు. అది ఈ సాయంత్రంతో సరి. లాకప్ వేళకి రాజమండ్రి జైల్లో ఉండాలి. లేకపోతే రిపబ్లిక్ డేకి సత్ప్రవర్తన కింద వదిలేవాళ్ళ లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. యావజ్జీవం పడ్డవాడికి అలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?

బయల్దేరేముందు కూతురు గ్రేస్ అడిగింది. "నిజంగా వచ్చేస్తారా నాన్నా?"

వస్తానన్నాడు. పిల్ల తలమీద చెయ్యేసి మరీ చెప్పాడు.

ఈ గట్టు చివర రోడ్డు. రోడ్డెక్కితే భీమడోలు స్టేషన్. కళ్ళు మూసుకుని వెళ్ళిపోగలడు. ఒకప్పుడు ఈ చెరువులకి కాపలా కాసింది తనేగా!

కాళ్ళ కింద గట్టు...

లేదు!

నీళ్ళు. ముక్కులోకి, నోట్లోకి చల్లటి నీళ్ళు.

అక్రమ చెరువులని పోయినేడు ఈ గట్లని గవర్నమెంటు ఎక్కడికక్కడ పేల్చేసింది. ఆ సంగతి జైల్లో పేపర్లో చదివాడు కూడా. చదివాడు గానీ కాళ్ళు మర్చిపోయాయి.

మునుగుతున్నాడు. చెవుల్లో ఒకటే చప్పుడు...

తెడ్డు చప్పుడు!

జైల్లో నిద్ర పట్టనివ్వని చప్పుడు అదే. చేపల దొంగతనం గొడవలో, ఒళ్ళు తెలియని కోపంలో, గంగాధరం తలమీద తను వేసిన తెడ్డు దెబ్బ. గట్టు మీద వాడి తల్లి అన్నం క్యారేజీతో నిలబడి ఉంది. క్యారేజీ జారిపోయింది. ఆమె పెట్టిన కేక ఇన్నేళ్ళూ దాసుని వదల్లేదు.

ఎవరో చెయ్యి పట్టుకున్నారు!

పైకి లాగారు. దోనె అంచు తగిలింది.

"ఎక్కు నాయనా. మంచు నీళ్ళు, జ్వరమొస్తుంది."

తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలామె. ముఖం చూశాడు.

వెంకటనరసమ్మ. గంగాధరం తల్లి!

"అమ్మగారూ... మీరా?"

"బుచ్చిబాబు జీపు తీశాడని తెలిసే వచ్చాను. సర్దుకుని కూర్చో, దోనె ఒరుగుతుంది."

తెడ్డు వేస్తోంది. వద్దనుకున్నా ఆ తెడ్డు వైపే చూస్తున్నాడు దాసు. వెనక జీపు లైట్లు మంచులో కలిసిపోయాయి.

"నన్నెందుకు కాపాడుతున్నారండీ?"

"పోలీసులు మా ఇంటికొచ్చి అడిగారు, వీణ్ణి వదిలేస్తే మీకేమైనా అభ్యంతరమా అని. ఏం లేదని వేలిముద్ర వేశాను. ఇంతా చేశాక నువ్వు ఆలస్యమైపోతే ఎలా?"

దాసు ఏడ్చేశాడు. వంగి కాళ్ళు పట్టుకోబోయాడు.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"జైలు గేటు దాకా నేనూ తోడొస్తాను. దగ్గరుండి అప్పగించి వెళ్తాను."

*

తాడేపల్లిగూడెం. పాసింజరు ఆగింది.

"గొంతెండిపోతోంది నాయనా. కాసిని నీళ్ళు పట్టుకొస్తావా?"

సీసాతో దిగాడు. కుళాయి తిప్పాడు.

కాలర్ పట్టుకుంది ఒక చెయ్యి!

బుచ్చిబాబు. రోడ్డు మీద జీపు తోలుకొచ్చి రైలు కంటే ముందే కాపేశాడు. చేతిలో కత్తి లేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఆ బండెక్కకు దాసూ. నీకు దణ్ణం పెడతాను."

"వదులు."

"నువ్వు విడుదలైతే నేను నిన్ను చంపాలి. అన్నయ్య శవం మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంది అమ్మ. నాకు పెళ్ళాం పిల్లలున్నారు. ఈ పూట ఆలస్యమైపో. లోపలే ఉండిపోతావు. నువ్వూ బతుకుతావు, నేనూ బతుకుతాను."

"వారమంతా ఊళ్ళోనే ఉన్నానుగా? చంపాలంటే అప్పుడే చంపమనేది."

"ఖైదీగా పోకూడదంట నువ్వు. అన్నయ్య పెళ్ళి కుదిరిన సంబరంలో పోయాడు. నువ్వూ సంబరంలోనే పోవాలంట."

కూత!

బండి కదిలింది. కిటికీలోంచి ముసలి చెయ్యి ఆత్రంగా ఊగుతోంది.

దాసు చూపు ఆ చెయ్యి మీద... బుచ్చిబాబు ముఖం మీద... మళ్ళీ ఆ చెయ్యి మీద.

ఓరి వీడి దుంపతెగ! తనని ఆలస్యం చెయ్యడానికి కన్నతల్లి మీదే ఎంత కథ అల్లాడు!

ఒక్క తోపు తోశాడు. పరుగెత్తాడు. కడ్డీ అందుకుని ఎక్కేశాడు.

వెనక బుచ్చిబాబు ప్లాట్‌ఫారం మీద చతికిలబడిపోయాడు.

దాసు రొప్పుతూ వచ్చి కూర్చున్నాడు. సీసా అందించాడు. ఆమె తాపీగా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"బుచ్చిబాబు కనిపించాడా?"

"ఆఁ. ఏదేదో చెప్పాడండీ. నేను నమ్మలేదు."

"పిచ్చి సన్నాసి. వాడికి మొదట్నించీ పిరికితనమే."

బండి వేగం అందుకుంటోంది. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తోంది.

"విడుదల రోజున మీ గ్రేస్‌ని కూడా గేటు దగ్గరికి రమ్మను నాయనా."

"పాపనా? ఎందుకండీ?"

"ఆ రోజు గట్టు మీద నేను చూశాను కదా."

చక్రాల చప్పుడు... కాదు. తెడ్డు చప్పుడు!

దాసు తలెత్తాడు. నెత్తిమీద ఎర్ర గొలుసు. లేచాడు. చెయ్యి చాపాడు...

మణికట్టు పట్టుకుంది ఆమె. ఏళ్ళ తరబడి తెడ్డు వేసిన చెయ్యి. విదిలించుకున్నా వదల్లేదు.

"గొలుసు లాగకు నాయనా. కూర్చో. ఆలస్యమైతే నీకే నష్టం."